మోడల్ ఏ ఫోర్డ్ నాలుగు సిలిండర్ల ఇంజన్: 6:1 హెడ్, రెండు స్ట్రోంబర్గ్‌లు పెడితే కింద బాబిట్ ఆగుతుందా?

రోడ్‌స్టర్29
1929 రోడ్‌స్టర్ బాడీ, 1930 ఇంజన్. వీ8 పెట్టే ఉద్దేశం లేదు. 1930లలో కాలిఫోర్నియాలోని మ్యూరాక్ ఎండు సరస్సు మీద పరిగెత్తిన బళ్ళ పద్ధతిలోనే నాలుగు సిలిండర్లతో కడుతున్నాను. ఇంజన్ మొత్తం విప్పి ఉంది. బోర్ ఇప్పటికే 60 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెద్దది చేసి ఉంది. క్రాంక్ ఒరిజినలే, కౌంటర్‌వెయిట్లు లేవు. మెయిన్ బేరింగ్‌లు (క్రాంక్‌ని బ్లాక్‌లో మోసేవి) పాత బాబిట్, అంటే కరిగించి పోసిన మెత్తటి మిశ్రమ లోహం; మధ్య మెయిన్‌లో వెంట్రుకవాసి చీలికలు కనిపిస్తున్నాయి.
కొని పెట్టుకున్నవి: 6:1 కంప్రెషన్ అల్యూమినియం హెడ్, రెండు స్ట్రోంబర్గ్ 97 కార్బ్యురేటర్లు, వాటి మానిఫోల్డ్. కావలసింది 75 హార్స్‌పవర్, హైవే మీద గంటకి 60 మైళ్ళు నిలకడగా.
ఇక్కడి మెషీన్ షాపు వాళ్ళు బాబిట్ పేరు వింటేనే మొహం చిట్లిస్తున్నారు. ఇన్సర్ట్ బేరింగ్‌లు (విడిగా తయారై వచ్చే షెల్‌లు) వేస్తేనే పని ముట్టుకుంటామంటున్నారు. నిజంగా అవసరమా, లేక వాళ్ళకి బాబిట్ పొయ్యడం రాక అంటున్నారా?

లేత్_మూర్తి
హెడ్డూ కార్బ్యురేటర్లూ పక్కన పెట్టండి. ముందు కింద సంగతి చూడాలి.
ఫ్యాక్టరీ నుంచి ఈ ఇంజన్ 4.22:1 కంప్రెషన్‌తో, 2,200 ఆర్‌పీఎం దగ్గర 40 హార్స్‌పవర్ ఇచ్చేది. మెయిన్ జర్నల్ (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) 1 5/8 అంగుళాలు, రాడ్ జర్నల్ 1 1/2 అంగుళం, మెయిన్లు మూడే. మీది 3.78 రియర్ యాక్సిల్ నిష్పత్తి, 19 అంగుళాల చక్రాలు అయితే 60 మైళ్ళ దగ్గర ఇంజన్ దాదాపు 2,650 తిరుగుతుంది. స్ట్రోక్ 4 1/4 అంగుళాలు కాబట్టి పిస్టన్ వేగం నిమిషానికి 1,900 అడుగుల దరిదాపుల్లో ఉంటుంది. పాత రోజుల్లో ఈ ఇంజన్‌ని ఆ వేగంలో గంటల తరబడి ఎవరూ తోలలేదు. కౌంటర్‌వెయిట్లు లేని ఆ సన్నటి క్రాంక్ అక్కడ విల్లులా వంగుతుంది, ఆ వంపు దెబ్బంతా మధ్య మెయిన్ మీద పడుతుంది. మీ చీలికలు అక్కడే ఎందుకు వచ్చాయో ఇక వేరే చెప్పక్కర్లేదు.
కాబట్టి నా వరస: మొదట క్రాంక్‌కి మాగ్నాఫ్లక్స్ (అయస్కాంతంతో చీలికలు వెతికే పరీక్ష), తర్వాత కౌంటర్‌వెయిట్లు. పాత క్రాంక్‌కి వెల్డ్ చేయించుకోవచ్చు, కౌంటర్‌వెయిట్లతో కొత్తగా తయారైన క్రాంక్ అయితే ఇంకా మంచిది. ఆ తర్వాత రాడ్లు, పిస్టన్లు, ఫ్లైవీల్, క్లచ్ కలిపి బ్యాలెన్స్. బేరింగ్‌ల మాట ఇదంతా అయ్యాకే.

బ్యాంజర్_బాబు
ఇన్సర్ట్‌లే వేయించండి. ఇంకో ఆలోచన వద్దు. రేపు బేరింగ్ పోతే షెల్ మార్చుకుంటారు, బాబిట్ అయితే బ్లాక్ మళ్ళీ షాపుకి మోయాలి.

టర్బైన్_రావు
బాబు గారి మాట సగమే ఒప్పుకుంటాను. విజయవాడ థర్మల్‌లో తిరిగే టర్బైన్ల జర్నల్ బేరింగ్‌లకి లోపల ఉన్నది కూడా వైట్ మెటలే, అంటే బాబిట్టే. లోహంలో లోపం లేదు, పోసే చేతిలోనే ఉంటుంది లోపం.
మంచి రకం అంటే 89 శాతం తగరం, 7.5 శాతం ఆంటిమొనీ, 3.5 శాతం రాగి. సీసం కలిసిన చవక రకం 6:1 కింద నిలవదు. పోసేటప్పుడు లోహం 425 సెల్సియస్ దగ్గర ఉండాలి, బ్లాక్‌ని కూడా ముందే బాగా వేడి చేసి ఉంచాలి. చల్లటి ఇనుము మీద పోస్తే అంచు దగ్గర టక్కున గడ్డకట్టి, వెనకాల ఖాళీ మిగిలిపోతుంది. బయటికి నున్నగా కనిపిస్తుంది, లోపల అతుకు ఉండదు. అలాంటి చోట రెండు వేసవుల్లో చీలికలొస్తాయి. పోత ఐపోయాక పీనింగ్ (సుత్తితో కొట్టి లోహాన్ని అదిమి కూర్చోబెట్టడం) చేసి, ఆ తర్వాతే లైన్ బోర్ (మెయిన్లన్నీ ఒకే గీతలో తొలవడం) చెయ్యాలి.
షాపుని అడగాల్సింది ఒక్కటే: "పీనింగ్ చేస్తారా?" అది ఏమిటని తిరిగి అడిగితే బ్లాక్ వెనక్కి తెచ్చేసుకోండి.

లేత్_మూర్తి
రావు గారు చెప్పినదానికి క్లియరెన్సులు కలుపుతున్నా. మెయిన్లు, రాడ్లు రెండిటికీ ఒకటి నుంచి ఒకటిన్నర థౌ. క్రాంక్ ఎండ్ ప్లే 2 నుంచి 4 థౌ. క్యాప్‌ల కింద రేకులు రేకులుగా ఊడే షిమ్‌లు పెట్టించుకోండి, తర్వాత అరిగినప్పుడు ఒక రేకు తీసి బిగించుకోవచ్చు. షిమ్ లేకుండా క్యాప్ పెట్టేస్తే ఆ సౌకర్యం పోయినట్టే.

బ్యాంజర్_బాబు
సరే, బాబిట్ బాగానే పోస్తారనుకుందాం. ఆయిల్ ఎక్కడిది? మోడల్ ఏలో పంపు ఆయిల్‌ని వాల్వ్ ఛాంబర్‌లోకి ఎత్తి పోస్తుంది, అక్కణ్ణుంచి మెయిన్లకి తన బరువుకి తానే దిగాలి. రాడ్లకైతే అడుగున ట్రేలో ఉన్న ఆయిల్‌ని రాడ్ కింద ఉండే డిప్పర్లు తోడుకోవడమే. 2,700 దగ్గర గంటసేపు నడిపితే ఆ తోడుడు చాలుతుందా?

గోదావరి_గ్రీజు
చాలుతుంది, డిప్పర్లు సరిగా పెడితే. డిప్పర్ నోరు కామ్‌షాఫ్ట్ వైపు ఉండాలి. క్రాంక్ అడుగున కదిలే దిక్కు అదే. ఒక్క రాడ్ తిప్పి బిగించినా ఆ బేరింగ్‌కి చుక్క అందదు, మొదట పోయేదీ అదే. పాన్ ఎక్కించే ముందు నాలుగూ టార్చి వేసి చూడండి. ట్రే వంకర లేకుండా ఉండాలి, ఆయిల్ 5 క్వార్ట్‌లు తగ్గకూడదు.

సాల్ట్_సీను
గ్రీజు అన్నా, స్టాక్ ఇంజన్‌కి అది నిజమే. 6:1 హెడ్‌తో 60 మైళ్ళ మీద అయితే నేను మెయిన్లకి ప్రెషర్ ఇవ్వకుండా ఊరుకోను. వాల్వ్ ఛాంబర్ నుంచి దిగే రంధ్రాలు మూసేసి, పంపు నుంచి మూడు మెయిన్లకీ లైను వేసి, రిలీఫ్ వాల్వ్ పెట్టాలి. రాడ్లు స్ప్లాష్ మీదే ఉంచుకోవచ్చు. 1932 మోడల్ బీ ఇంజన్‌లో ఫోర్డ్ చేసిందే ఇది, కొత్త సంగతేమీ కాదు.
ఇంకోటి, ఇన్సర్ట్‌లు వేసేవాళ్ళు మరిచేది: ఫిల్టర్. బాబిట్ మెత్తగా ఉంటుంది, చిన్న మట్టి రేణువుని తనలోకి లాగేసుకుని జర్నల్‌ని కాపాడుతుంది. ఇన్సర్ట్ షెల్‌కి అంత లోతు లేదు, రేణువు జర్నల్‌ని గీరేస్తుంది. మోడల్ ఏకి ఫ్యాక్టరీ ఫిల్టర్ లేదు. ఇన్సర్ట్‌లు అనుకుంటే ప్రెషర్, ఫిల్టర్ కూడా ఖర్చులో వేసుకోండి, మూడూ ఒకే పని.

హైదరాబాదీ_హెమి
ఫ్లాట్‌హెడ్ వీ8 పెట్టేసుంటే ఈ థ్రెడ్ పది లైన్లలో తేలిపోయేది కదా.

లేత్_మూర్తి
వీ8 థ్రెడ్ పక్కనే ఉంది, బ్లాక్ చీలికల మీద ఇంతకన్నా పొడుగు.

కామ్_శేషు
బీ ఇంజన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి. రోడ్‌స్టర్29 గారూ, మీ బ్లాక్ పరీక్ష ఇంకా తేలలేదు కదా, అవకాశం ఉంటే బీ బ్లాక్ వెతకండి. మెయిన్లు 2 అంగుళాలు, రాడ్ జర్నల్ 1 7/8. ఫ్యాక్టరీలోనే 50 హార్స్‌పవర్. తర్వాత వచ్చిన క్రాంక్‌లకి కౌంటర్‌వెయిట్లు కూడా ఉన్నాయి. పైగా పక్కన ఫ్యూయల్ పంపు కూర్చునే చోటు ఉంది. ఏ బ్లాక్‌కి అది లేదు, ఎందుకంటే ఏ బండికి ట్యాంకు కౌల్‌లో (విండ్‌షీల్డ్ ముందు భాగంలో) ఉండి పెట్రోలు తనంతట తానే కిందికి దిగేది. మీరు పైన 97లు పెడితే ఆ దిగడం కుదరదు, కార్బ్యురేటర్లు ట్యాంకు అడుగుకన్నా ఎత్తున ఉంటాయి. ఎలక్ట్రిక్ పంపు, రెగ్యులేటర్ తప్పవు.

రోడ్‌స్టర్29
బీ బ్లాకులు ఇక్కడ దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతోంది. ఏతోనే కానిద్దాం. కొత్త కౌంటర్‌వెయిట్ క్రాంక్, మంచి బాబిట్, మెయిన్లకి ప్రెషర్, చిన్న ఫిల్టర్. ఇంతవరకూ ఖాయం. ఇప్పుడు పైభాగం చెప్పండి. రెండు 97లు ఎక్కువవుతాయా?

స్ట్రోంబర్గ్_శాస్త్రి
వీధి బండికి ఒకటి చాలు. కానీ రెండు పెట్టకూడదనేమీ లేదు, సర్దడం తెలియాలి.
ముందు బ్లాక్ గురించి. మోడల్ ఏలో ఇన్‌టేక్ పోర్టులు రెండే. 1, 2 సిలిండర్లకి ఒకటి, 3, 4కి ఒకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-2-4-3. అంటే ఒకే పోర్టు మీద రెండు పీల్పులు వెంటవెంటనే వస్తాయి, తర్వాత ఒక చుట్టు పాటు ఆ పోర్టు ఖాళీ. 1 ఇంకా మూసుకోకముందే 2 తెరుచుకుంటుంది, 4 మీద 3 అలాగే. అందుకే ప్లగ్‌లు తీసి చూస్తే 1, 4 ఒక రంగు, 2, 3 ఒక రంగు. ఈ తేడా కొంత ఉండి తీరుతుంది, దాన్ని జెట్లతో పూర్తిగా పోగొట్టాలని చూడకండి. పోర్టుకొక కార్బ్యురేటర్ విడిగా పెడితే ఆ రెండు పీల్పులూ ఒక్కదాని మీదే పడతాయి. రెండిటి మధ్యా బ్యాలెన్స్ పైపు ఉన్న మానిఫోల్డే కావాలి. మీది తిప్పి చూడండి, లోపల అడ్డుగోడ ఉందా?
ఇక సెట్టింగులు. ఫ్యూయల్ ప్రెషర్ 2.5 పీఎస్ఐ. 3 దాటితే నీడిల్ సీటు ఆపలేదు, పొంగుతుంది. బౌల్‌లో పెట్రోలు మట్టం పై అంచు నుంచి కిందికి 15/32 అంగుళం. మెయిన్ జెట్ 97కి మామూలుగా 0.045 వస్తుంది. రెండు కార్బ్యురేటర్ల కింద 200 ఘనపుటంగుళాల ఇంజన్‌కి 0.043తో మొదలుపెట్టండి, ప్లగ్ చూసి 0.041కి దిగొచ్చు. పవర్ వాల్వ్ 65 నుంచి 69కి మార్చండి. నంబరు పెరిగితే రంధ్రం తగ్గుతుంది, ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఐడిల్ స్క్రూలు నాలుగూ ముప్పావు చుట్టు తెరిచి మొదలు. పంపు లింకు మూడు రంధ్రాల్లో తక్కువ స్ట్రోక్ ఉన్నదాంట్లో.

గోదావరి_గ్రీజు
97 బదులు 81లు చూడొచ్చు కదా? వెంచురీ 13/16 అంగుళం, కింద రెస్పాన్స్ బాగుంటుంది.

స్ట్రోంబర్గ్_శాస్త్రి
నాకు నచ్చేది అదే, 60 హార్స్‌పవర్ వీ8 కోసం వచ్చినవి. కానీ ఆయన 97లు ఆల్రెడీ కొన్నారు.

కామ్_శేషు
కామ్ సంగతి. మీరు పెట్టే కామ్ ఎంత ఎక్కువసేపు తెరిచి ఉంచితే శాస్త్రి గారు చెప్పిన ఆ 1-2 దోపిడీ (ఒకదాని పీల్పుని ఇంకోటి లాక్కోవడం) అంత పెరుగుతుంది. వీధికి ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ తెరిచి ఉండే సమయం) తక్కువ, లిఫ్ట్ కొంచెం ఎక్కువ ఉన్న గ్రైండ్ తీసుకోండి. ఫ్లాట్‌హెడ్‌లో, అంటే వాల్వ్‌లు బ్లాక్‌లోనే ఉండే ఈ రకంలో, వాల్వ్ పైకి లేచి హెడ్‌కి తగలొచ్చు. కాబట్టి క్లే ముద్ద పెట్టి, పాత గాస్కెట్‌తో హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, హెడ్ తీసి, ముద్దని కోసి కొలవండి. వాల్వ్ మీద 60 థౌ కన్నా తక్కువ ఉంటే హెడ్‌లో పాకెట్ లోతు చెయ్యాలి.
పాత టాపెట్లకి సర్దుబాటు లేదు, వాల్వ్ కాడ చివర గ్రైండ్ చేసుకోవడమే. అడ్జస్టబుల్ టాపెట్లు వేసెయ్యండి. క్లియరెన్సు కామ్‌తో వచ్చిన కాగితంలో ఉన్నదే పెట్టండి, నా అంకె కాదు.

హైదరాబాదీ_హెమి
ఇంత కష్టం దేనికి, రైలీ ఫోర్ పోర్ట్ ఓవర్‌హెడ్ (వాల్వ్‌లు పైన ఉండే హెడ్) పెడితే పోలా?

సాల్ట్_సీను
పెట్టొచ్చు, దొరికితే, ఆ ధర పెట్టగలిగితే. ఆ రోజుల్లో ఓవర్‌హెడ్ కన్వర్షన్లు చాలానే ఉండేవి. రేసు ఇంజన్ల డిజైనర్ హ్యారీ మిల్లర్ పేరు మీద మిల్లర్-షోఫీల్డ్ హెడ్ వచ్చింది, ఆ కంపెనీ మూతపడ్డాక అదే డిజైన్ క్రేగర్ అయింది. క్రేన్ గార్ట్జ్ పేరులోంచి పుట్టిన పేరు అది. తర్వాత బెల్ ఆటో పార్ట్స్ చేతికి పోయింది. అయితే ఎడ్ విన్‌ఫీల్డ్ ఫ్లాట్‌హెడ్‌లతోనే వాటికి పోటీ ఇచ్చాడు. ఎర్ర హెడ్, పసుపు హెడ్ అని రంగుతోనే కంప్రెషన్ గుర్తు. 6:1 ఫ్లాట్‌హెడ్ పెట్టడం సంప్రదాయానికి ఏమాత్రం తక్కువ కాదు. ఇప్పటికీ ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) రేసుల్లో పాత నాలుగు సిలిండర్లకి వేరే తరగతి ఉంది, అందులో ఫ్లాట్‌హెడ్‌కి ఇంకో తరగతి.

టర్బైన్_రావు
75 హార్స్‌పవర్ అన్నారు. 6:1, మంచి కామ్, రెండు 97లు, ఫ్రీగా ఊదే ఎగ్జాస్ట్‌తో 65 నుంచి 70 అనుకోండి. మిగతా ఐదు కోసం కంప్రెషన్ పెంచకండి.

స్పార్క్_సుధ
ఇగ్నిషన్ ఎవరూ ముట్టుకోలేదు, 6:1లో బేరింగ్‌లు ఎక్కువగా పోయేది ఇక్కడే. మోడల్ ఏలో అడ్వాన్స్ మొత్తం స్టీరింగ్ దగ్గర లీవర్‌తో. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్ లెక్కలో దాదాపు 40 డిగ్రీలు తిరుగుతుంది. 4.22 కంప్రెషన్‌కి ఆ మొత్తం పనికొచ్చేది. 6:1లో ఛార్జ్ త్వరగా మండుతుంది, లీవర్ అడుగుదాకా లాగి ఎత్తు ఎక్కితే డిటొనేషన్ (ఛార్జ్ ఒక్కసారిగా పేలడం). ఎగ్జాస్ట్ మోతలో చెవికి వినపడదు, బాబిట్‌కి మాత్రం సుత్తి దెబ్బ. ఫుల్ లోడ్ మీద 26 నుంచి 28 డిగ్రీలు దాటనివ్వకండి. లీవర్ క్వాడ్రంట్ మీద ఆ చోట ఒక స్టాప్ పెట్టుకోండి, లేదా సెంట్రిఫ్యూగల్ అడ్వాన్స్ ఉన్న బీ డిస్ట్రిబ్యూటర్ వేసి స్ప్రింగులు సర్దుకోండి.
బేస్ టైమింగ్: లీవర్ పూర్తిగా పైకి. టైమింగ్ కవర్‌లో ఉన్న పిన్ తీసి, తిప్పి మొండివైపు లోపలికి నొక్కి పట్టుకుని, ఇంజన్ మెల్లగా తిప్పండి. ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద ఉన్నప్పుడు కామ్ గేరు గుంటలో పిన్ దిగుతుంది. అక్కడ డిస్ట్రిబ్యూటర్ కామ్ స్క్రూ వదులు చేసి, రోటర్ ఒకటో కాంటాక్ట్‌కి చూపిస్తూ, పాయింట్లు అప్పుడే విడేలా బిగించండి. పాయింట్ గ్యాప్ 20 థౌ, ప్లగ్ 35. ముందే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ పట్టుకుని పక్కకి ఊపండి. ఆడితే బుష్ మార్చాలి, లేకపోతే ఎంత సర్దినా నాలుగు సిలిండర్లకి నాలుగు టైమింగులు.
పిన్ తిరిగి యథాస్థానంలో పెట్టడం మరవకండి.

బ్యాంజర్_బాబు
సుధ గారి పోస్టు పైన పిన్ చేసి పెట్టాలి.

లేత్_మూర్తి
ఫ్లైవీల్ ఒరిజినల్ 63 పౌండ్లు ఉంటుంది. 40కి దింపండి, అంతకన్నా వద్దు. లోహం బయటి అంచు నుంచి తీయించాలి, మధ్యలోంచి తీస్తే బలం పోతుంది కానీ ఇంజన్‌కి తెలిసేది తక్కువ. ఎక్కించాక ఫ్లైవీల్ హౌసింగ్‌కి డయల్ పెట్టి చూడండి, రనౌట్ (చుట్టూ తిరిగేటప్పుడు వచ్చే తేడా) 6 థౌ లోపల ఉండాలి. పై రెండు బోల్టుల దగ్గర షిమ్‌లతో సర్దాలి. ఇది వదిలేస్తే రియర్ మెయిన్, గేర్‌బాక్స్ బేరింగ్ రెండూ తింటుంది, ఆయిల్ కారడం అదనం.

రోడ్‌స్టర్29
బ్లాక్ రిపోర్టు వచ్చింది. మూడో సిలిండర్‌లో ఎగ్జాస్ట్ సీటు నుంచి బోర్‌లోకి చీలిక, బోర్ అంచు నుంచి కిందికి ముప్పావు అంగుళం. మిగతా మూడూ శుభ్రం. ప్రెషర్ టెస్టులో వేరే లీకు లేదు. మానిఫోల్డ్ తిప్పి చూశాను, అడ్డుగోడ లేదు, రెండు కార్బ్యురేటర్లూ కలిసే ఉన్నాయి. బ్లాక్ పడేయాలా?

కామ్_శేషు
వద్దు. మోడల్ ఏ బ్లాకులకి మామూలు జబ్బే అది.

లేత్_మూర్తి
పడేయక్కర్లేదు, కానీ వరస తప్పకూడదు. ముందు చీలికకి స్టిచింగ్ పిన్నులు (చీలిక పొడుగునా బిగించే మరలు). వెల్డింగ్ వద్దు, పోత ఇనుముకి పక్కనే ఇంకో చీలిక తెస్తుంది. తర్వాత మూడో సిలిండర్‌కి డ్రై స్లీవ్ (బోర్‌లోకి దించే గొట్టం), చీలిక మొత్తం దాని వెనక పడేలా. ఆ పైన ఎగ్జాస్ట్ సీట్లు నాలుగిటికీ గట్టి ఇన్సర్ట్ సీట్లు, ఆ మెషీన్ మీద ఉన్నప్పుడే. అప్పుడు బాబిట్ పొయ్యాలి, తర్వాత లైన్ బోర్. సిలిండర్ల చివరి బోరింగ్ లైన్ బోర్ అయ్యాకే, క్రాంక్ గీతకి లంబంగా కొలుచుకుని. బాబిట్‌కి బ్లాక్ వేడి చేసినప్పుడు బోర్లు కొద్దిగా కదులుతాయి. ముందే హోనింగ్ చేసేస్తే ఆ పనంతా వృథా. డెక్ సర్ఫేసింగ్ ఆఖర్న.
బోర్ ఇప్పుడున్న 60 నుంచి 80 థౌకి వెళ్ళండి, 209 ఘనపుటంగుళాలు వస్తాయి. 125 దాకా వెళ్ళినవాళ్ళున్నారు, గోడ మందం అల్ట్రాసోనిక్‌తో చూడకుండా నేను ఆ మాట చెప్పను. పై రింగు గ్యాప్ 15 థౌ.

రోడ్‌స్టర్29
సరే, ఈ వరసే షాపుకి రాసిస్తాను. వేరే షాపు వాళ్ళు పీనింగ్ చేస్తామన్నారు, అందుకే అక్కడికి మారాను. అల్యూమినియం హెడ్ బిగింపు కూడా చెప్పేస్తే ఇక బాధ ఉండదు. ఇనుప హెడ్‌కి 55 అని తెలుసు.

గోదావరి_గ్రీజు
55 ఫుట్ పౌండ్లే. నట్ల కింద గట్టి వాషర్లు, స్టడ్‌ల మీద యాంటీ సీజ్. లేకపోతే రెండేళ్ళకి హెడ్ స్టడ్‌లకి పట్టేసి ఊడదు. మధ్య నుంచి బయటికి, 35, 45, 55 మూడు విడతల్లో. నడిపి పూర్తిగా చల్లారాక మళ్ళీ బిగించాలి. ఇనుప హెడ్ వేడి మీద బిగిస్తారు, అల్యూమినియం మాత్రం చల్లగా ఉన్నప్పుడే, లేకపోతే అది చల్లారి కుంచించుకున్నాక బిగింపు పడిపోయి ఉంటుంది. నీళ్ళలో కూలెంట్ తప్పనిసరి, ఒట్టి నీళ్ళు పోస్తే అల్యూమినియం లోపలనుంచి తినేస్తుంది.

సాల్ట్_సీను
ఒక్కటి మిగిలింది. పాత రెండు రెక్కల ఫ్యాన్ అలాగే ఉంటే తీసెయ్యండి. హబ్ దగ్గర రేకు అతుకులో తుప్పు పట్టి రెక్క విరుగుతుంది, 2,700 దగ్గర విరిగితే బానెట్ చీల్చుకుని పైకి వస్తుంది, లేదా రేడియేటర్‌లోకి. కొత్తది వేశాక పంపు షాఫ్ట్ ఎండ్ ప్లే కూడా చూడండి. ముందుకు జరిగితే ఫ్యాన్ రేడియేటర్ కోర్‌ని గీస్తుంది.

రోడ్‌స్టర్29
ఫ్యాన్ అదే ఉంది. రాత్రికే విప్పేస్తాను. షాఫ్ట్ ఎండ్ ప్లే ఎంత దాకా పరవాలేదు?

సాల్ట్_సీను
10 థౌ లోపు. అంతకుమించితే ఇంపెల్లర్ దగ్గరి వాషర్ అరిగినట్టే, అది మార్చి మళ్ళీ కొలవండి.